తుడిచిన మాగ్నెట్

తమ్ముడు కారు కింది గుంటలోకి దిగగానే ఆమె కుట్టుమిషను ఆపేసింది. సగం కుట్టిన సీటు కవరు సూది కిందే ఉండిపోయింది. ఒళ్లో పడ్డ దారపు ముక్కలు దులుపుకుని, మిషను బల్ల మీద ఎప్పుడూ ఉండే లాడం ఆకారపు మాగ్నెట్టును చేత్తో పట్టుకునే వెళ్లి గుంట అంచున వంగి నిలబడింది.

"వచ్చేశావా," అన్నాడు తమ్ముడు తల ఎత్తకుండానే. "ఇంకా పానా కూడా పెట్టలేదక్కా. అంబులెన్సు కంటే ముందు సైరన్ వచ్చింది."

తమ్ముడి మెకానిక్ షెడ్డులో అందరూ వెనకాల ఆమెను పిలిచే పేరు అదే, సైరన్. తమ్ముడొక్కడే మొహం మీద అంటాడు. ఆమె పట్టించుకోదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మేలెంచడానికి ఇంట్లో చాలామంది ఉన్నారు, కీడెంచడానికి ఒక్కరైనా ఉండొద్దా అని ఆమె వాదన.

గుంట మీద నిలబెట్టింది కూతురి బండి. కూతురు దాన్ని అద్దెకు నడుపుతుంది. ఆసుపత్రులకు, స్టేషనుకు, ఊరి చివర ఆఫీసులకు, నెలకో రెండుసార్లు కొండ మీది ఊరికి. ఇప్పుడు ఆ పిల్ల గోడ పక్కన పాత టైర్ల దొంతర మీద కూర్చుని, తల గోడకు ఆనించి కళ్లు మూసుకుని ఉంది.

"జ్వరమా?" అంది ఆమె అటు తిరిగి.

"కాదమ్మా," అంది కూతురు కళ్లు తెరిచి.

"మరి కళ్లెందుకు అలా ఉన్నాయి? ఎర్రగా?"

"దుమ్ము."

దుమ్ముకి కళ్లు ఎర్రబడతాయి గానీ కింద నల్లటి గుంటలు పడవు. ఈ నెలలో ఆ గుంటలు చూసి ఆమె ఊహించని రోగం లేదు. రక్తం తక్కువైందేమో అనుకుంది. ఎవడైనా మనసు విరిచాడేమో అనుకుంది. రొమ్ములో గడ్డ ఏదైనా తగిలి చెప్పుకోలేక దాచుకుంటోందేమో అని కూడా అనుకుంది, అనుకుని ఆ పూట అన్నం మానేసింది.

కింద పానా కిర్రుమంది. బోల్టు వదులైంది. తమ్ముడు దాన్ని వేళ్లతో తిప్పి చటుక్కున పక్కకు లాగాడు. నల్లటి నూనె సన్నటి తాడులా రేకు తొట్టిలోకి దిగింది. వేడి నూనె వాసన పైకి వచ్చింది.

ఆ బోల్టు మామూలు బోల్టు కాదు, దాని కొసన మాగ్నెట్ ఉంటుంది. పెట్టించింది ఆమే. సీటు కవర్ల కోసం వచ్చిన ఒకాయన ఓసారి ఆమె మిషను ముందు కూర్చుని, తన ఇంజను నడిరోడ్డు మీద ఎలా బిగుసుకుపోయిందో చెప్పాడు. ముందుగా ఒక్క ముక్క తెలియలేదట. నూనె దించే ఆ డ్రైన్ ప్లగ్గుకు మాగ్నెట్ ఉన్నది దొరుకుతుందమ్మా, అది పెట్టించుకుని ఉంటే లోపల అరుగుతున్న ఇనుము దానికి అంటుకుని కనబడేది అన్నాడు. ఆ మాట ఆమె చెవిలో చీమలా దూరింది. తమ్ముడి ప్రాణం తోడేసి, కూతురి బండికి అది వేయించేదాకా ఊరుకోలేదు. వేసినరోజు తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు కూడా. కాటుకలా మెత్తటి పొడి అంటుకుంటే భయం లేదక్కా. వేళ్ల మధ్య రాస్తే గుచ్చుకునే ముక్కలు వస్తే మాత్రం ఆలోచించాలి.

అప్పట్నుంచి నూనె మార్చిన ప్రతిసారీ ఆమె గుంట అంచున ఉంటుంది.

"ఏదీ, చూపించు."

"ఉండు, కాలుతోంది."

అతను గోడకు వేలాడే బల్బు వైపు తిరిగాడు. వీపు మాత్రమే కనబడింది. భుజం కాస్త కదిలింది. తర్వాత ఇటు తిరిగి, ప్లగ్గును రెండు వేళ్లతో పైకెత్తి వెలుతురులో పట్టుకున్నాడు.

"చూడు. అద్దంలా ఉంది. నీ కూతురి ఇంజనుకి నీకంటే ఆరోగ్యం బాగుంది."

ఆమె వంగి చూసింది. కొసన మాగ్నెట్ నిజంగానే మెరుస్తోంది. ఒక్క నలుసు లేదు. గుండె మీద నుంచి రాయి దించినట్టయింది. తిరిగి వెళ్లి కూర్చుని, ఆగిన చోటు నుంచి అతుకు మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం ఆమె కుట్టిన అంచు పైపింగ్ ఎక్కడా వంకర పోలేదు.

"శుక్రవారం కొండ ట్రిప్పు ఉందిగా," అంది సాయంత్రం కూతురితో, చాలాకాలానికి మామూలు గొంతుతో. "వెళ్లి రా. బండి బాగుంది."

"ఊఁ," అంది కూతురు. అని, మామయ్య వైపు చూసింది. అతను చేతులకు సబ్బు రుద్దుకుంటూ అటు తిరిగాడు.

*

మర్నాడు తెల్లవారుతుండగా ఆమె కిటికీ దగ్గర నిలబడింది. ఇది ఆమె రోజూ చేసే పనే. కూతురు బండెక్కుతుంది, తలుపు నెమ్మదిగా మూస్తుంది, హ్యాండ్ బ్రేకు వదులుతుంది. వీధి కొంచెం వాలు. బండి చప్పుడు లేకుండా మూల దాకా దొర్లుకుంటూ వెళ్తుంది. అక్కడికి వెళ్లాకే స్టార్ట్ చేస్తుంది. పక్కింట్లో పసిబిడ్డ ఉంది. ఆ బిడ్డ నిద్ర చెడకూడదని తన కూతురు ఇంత జాగ్రత్త తీసుకుంటోందని ఆమెకు లోలోపల గర్వం. పక్కింటావిడకు ఒకసారి చెప్పింది కూడా. ఆవిడ, మా వాడు లారీ హారన్ కొట్టినా లేవడండీ అని నవ్వింది.

ఇదివరకు బండి కదిలితే రేడియో వినబడేది. ఈ మధ్య అదీ లేదు.

కాసేపటికి భర్త వచ్చాడు. గోదాములో రాత్రి కాపలా. బూట్లు విప్పి, మంచినీళ్లు తాగి, మంచం ఎక్కాడు.

"ఏమండీ, నిన్న నూనె మార్చారు. ప్లగ్గు అద్దంలా ఉంది."

"మంచిది," అన్నాడు ఆయన గోడ వైపు తిరిగి.

ఆమె షెడ్డుకు వెళ్లేసరికి తమ్ముడు అప్పటికే గుంటలో ఉన్నాడు. ఈసారి రంగుల షాపాయన కారు. ఆయన పైన నిలబడి, మెడ సాచి కిందికి చూస్తున్నాడు. ఆ బండికీ మాగ్నెట్ ప్లగ్గే. అక్క గొడవ పడలేక తెప్పించిన సరుకు తమ్ముడికి ఇప్పుడు వ్యాపారమైంది.

ఆమె మిషను తొక్కుతూనే ఉంది. డ్రైవరు సీటుకు వెనక అతుకు, లోపల స్పాంజి మందం, పైన రెక్సిను రెండు పొరలు. ఈ మందంలో సూదులు విరుగుతాయి. విరిగిన ప్రతి మొనా దొరికేదాకా ఆమె సీటు ఇవ్వదు. అందుకే ఆ లాడం మాగ్నెట్. పని అయ్యాక సీటు మీద, అంచుల్లో, అతుకుల వెంట దాన్ని తిప్పి తిప్పి చూస్తుంది. ఎవరి నడుములోనో, ఏ పసివాడి అరచేతిలోనో సూదిమొన దిగినట్టు ఆమెకు ముందే కనబడుతుంది. అక్క సీట్లకు ఎక్స్-రే తీస్తుంది అని తమ్ముడు గిరాకీలతో అంటాడు. అయినా గిరాకీలు ఆమె దగ్గరికే వస్తారు.

"అయ్యో, ఇదేంటిది?" అంటున్నాడు రంగుల షాపాయన. "ఇంత మట్టి అంటుకుంది? ఇంజను పోయినట్టేనా?"

"కంగారు పడకండి సార్. ఇది ఉండాల్సిందే. చూడండి, మెత్తగా ఉంది, వేలికి గుచ్చుకోవట్లేదు. లోపల ఇనుము ఇనుముతో రాసుకుంటుంటే ఈ మాత్రం పొడి రాలదా? మీరు ఆదివారం తప్ప బయటికి తియ్యని బండికే ఇంత వచ్చింది. రోజూ తిరిగే బండికి ఇంకా వస్తుంది. అసలేమీ లేకపోతేనే వింత."

చివరి మాట దగ్గర అతని గొంతు తగ్గింది. మిషను వైపు ఒకసారి చూశాడు. ఆమె తల వంచి కుడుతూనే ఉంది. మిషను చప్పుడులో వినబడలేదులే అని అతను మళ్లీ పనిలో పడ్డాడు.

ఆమెకు వినబడింది. పాదం అలవాటు కొద్దీ తొక్కుతోంది గానీ కుట్టు ఎటు పోతోందో ఆమె చూడటం లేదు. ఆదివారం బండికి ఇంత. పొద్దున లేచి వెళ్తే చీకటి పడేదాకా తిరిగే బండికి అద్దం.

బల్ల మీది మాగ్నెట్ వైపు చూసింది. దాన్ని ఆమె రోజూ పొద్దున్నే శుభ్రంగా తుడుస్తుంది. ఇంకా టీ వేళ కూడా కాలేదు. అప్పుడే దాని రెండు కొసలకూ సన్నటి నూగు, ఒక విరిగిన సూదిమొన, ఎక్కడి నుంచో వచ్చిన ఇనుప రజను. మాగ్నెట్ అన్నాక గడ్డం పెరగకుండా ఉండదు. తుడిస్తే తప్ప.

నిన్న అతని భుజం కదలడం ఆమెకు గుర్తొచ్చింది.

రంగుల షాపాయన వెళ్లిపోయాక, తమ్ముడు సామాన్ల కోసం బజారుకు వెళ్లిన సమయం చూసి, ఆమె షెడ్డు వెనక్కి వెళ్లింది. మూలన నూనెగుడ్డలు పడేసే డ్రమ్ము ఉంది. అందులో గుడ్డలన్నీ ఆమెవే. సీటు కవర్లకు కత్తిరించగా మిగిలిన ముక్కలు ఏ రోజుకారోజు తమ్ముడికి ఇస్తుంది. కూతురి బండి వచ్చిన పొద్దున ఇచ్చింది ఆకుపచ్చ చారల లైనింగ్ గుడ్డ. ఆ తానులో అదే ఆఖరు. డ్రమ్ములోకి చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తీసింది. మోచేతి దాకా నల్లబడింది. అడుగున కాదు, మధ్యలోనే దొరికింది. నలిపి ఉండలా చుట్టి ఉంది.

విప్పి డ్రమ్ము మూత మీద పరిచింది. నూనె మరక తప్ప ఏమీ కనబడలేదు. జేబులోంచి మాగ్నెట్ తీసి, గుడ్డకు తగలకుండా పైన పట్టుకుని నెమ్మదిగా జరిపింది.

మరక లేచి నిలబడింది. ముందు మెత్తటి పొడి, దాని మధ్యలోంచి సన్నటి ముక్కలు, గోరు కత్తిరించిన తునకల్లాంటివి, ఒక్కసారిగా నిక్కబొడుచుకుని మాగ్నెట్ వైపు తిరిగాయి. ఆమె ఒకదాన్ని తీసి బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రాసింది.

గుచ్చుకుంది.

*

తమ్ముడు తిరిగి వచ్చేసరికి ఆమె అతని స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో చారల గుడ్డ, మడిచి.

అతను గుడ్డను చూశాడు. చేతిలో సంచి కింద పెట్టాడు. రంగుల షాపాయన బండిదని చెబుదామా అని ఒక్క క్షణం అతని మొహంలో కనబడి పోయింది.

"మేనకోడలే తుడిచి చూపించమంది," అన్నాడు చివరికి. "తుడిచాను."

"పోయినసారి?"

"పోయినసారీ."

"ఏంటది?"

అతను ఎదురుగా తొట్టి అంచు మీద కూర్చున్నాడు. టైమింగ్ చైను అన్నాడు. సైకిలు చైనులాంటిదే, ఇంజను లోపల ఉంటుంది, అన్ని భాగాలనూ ఒక తాళం మీద తిప్పేది అదే. సాగిపోయి చక్రాల పళ్లను కొరుకుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే గలగలమంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. విప్పి మార్చాలి. విప్పితే బండి వారం పైనే లేవదు.

"తెగితే?"

"తెగకపోవచ్చక్కా."

"తెగితే అని అడిగాను."

"ఆగిపోతుంది. ఎక్కడుంటే అక్కడ."

"కొండ మలుపులో కూడా."

అతను సంచిలోంచి ఒక వాషరు తీసి వేళ్ల మధ్య తిప్పాడు. "శుక్రవారం ట్రిప్పు చేసొచ్చి విప్పుదాం మామయ్యా అంది. కొండకు వెళ్లే ఆ నర్సమ్మగారు మన పిల్ల బండి తప్ప ఎక్కరు. ఒకసారి లేదంటే ఇంకెవడో దూరతాడు, తర్వాత ఆ ఇంటి బేరం మళ్లీ రాదు. ఒక్క ట్రిప్పు లాగుతుందిలే అని నేనూ అనుకున్నా."

"అనుకున్నావు."

"ఏం చెయ్యమంటావు మరి? నీకు చెప్పనా? చెబితే ఏమవుతుందో నీకు తెలీదా? ఆ పిల్ల బండి తాళాలు దాస్తావు. అన్నం మానేస్తావు. ఊళ్లో ఉన్న ప్రతి మెకానిక్కునూ అడిగొస్తావు. పోయినసారి బ్రేకు లైటు పోతే మూడిళ్ల అవతలికి వినబడింది నీ ఏడుపు." అతను ఆగాడు. అరుపు కోసం చూస్తున్నాడు. భుజాలు ముందే కాస్త ముడుచుకున్నాయి.

ఆమె లేచి, గుడ్డను ఏప్రన్ జేబులో పెట్టుకుని, మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. వంకరపోయిన కుట్టు కత్తెరతో ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. షెడ్డులో చాలాసేపు కత్తెర చప్పుడే వినబడింది. తమ్ముడికి అది అరుపు కన్నా కష్టంగా ఉంది. రెండుసార్లు అక్కా అన్నాడు. ఆమె ఇంకో కుట్టు విప్పింది.

ఇంటికి వెళ్లేసరికి ఆయన లేచి డ్యూటీకి తయారవుతున్నాడు.

"మీకు తెలుసా?" అంది. దేని గురించో చెప్పలేదు.

ఆయన బూటు తాడు కట్టుకుంటున్నవాడు ఆగాడు. "మూల మీదే కదా నేను బస్సు దిగేది. పిల్ల అక్కడే స్టార్ట్ చేస్తుంది. గలగలమని వినబడుతుంది."

అంటే పక్కింటి పసిబిడ్డ కోసం కాదు. ఈ కిటికీ కోసం. ఈ కిటికీలో నిలబడే మనిషి కోసం.

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన రెండో బూటు కట్టుకుని, నిలబడి, తలుపు దాకా వెళ్లి ఆగాడు. కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు. "మీ అమ్మ పోయినప్పుడు కూడా చెప్పలేదు కదే. ఒంట్లో కాస్త నలతగా ఉందని చెప్పి బస్సెక్కించాం. నీకు చెప్పకపోవడం మాకందరికీ అలవాటైపోయింది."

ఆయన వెళ్లాక ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. ఆ బస్సు గుర్తొచ్చింది. దారి పొడుగునా, వెళ్లగానే అమ్మకు ఏ పథ్యం వండిపెట్టాలో ఆలోచిస్తూ కూర్చుంది. పక్క సీట్లో ఈయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. బస్సులో ఆమె ఒక్కత్తికే అమ్మ ఇంకా బతికి ఉంది.

*

కూతురు దీపాలు పెట్టే వేళకు వచ్చింది. తాళాలు మేకుకు తగిలించి, చేతులు కడుక్కుని, పీట వాల్చుకుంది. ఆమె కంచం పెట్టింది. కంచం పక్కన మడిచిన చారల గుడ్డ, దాని మీద లాడం మాగ్నెట్ పెట్టింది. మాగ్నెట్ కొసలకు ఇనుప తునకలు ముళ్లలా నిలబడి ఉన్నాయి.

కూతురు చెయ్యి కంచం మీదే ఆగిపోయింది.

"అన్నం చల్లారిపోతుంది," అంది ఆమె, కూర వడ్డిస్తూ.

"మామయ్య చెప్పాడా?"

"నేనే డ్రమ్ములో వెతుక్కున్నా. తిను."

"తిట్టవా?"

"తిన్నాక."

కూతురు రెండు ముద్దలు తింది. మూడో ముద్ద కలుపుతూ కలుపుతూ ఉండిపోయింది. అమ్మ చెయ్యి వణకడం లేదు. గరిటె గిన్నెకు తగలడం లేదు. ఇలాంటి అమ్మను ఎలా ఎదుర్కోవాలో ఆ పిల్లకు అభ్యాసం లేదు.

"నాకు భయంగా ఉందమ్మా," అంది, దొంగతనం ఒప్పుకున్నంత చిన్న గొంతుతో. "రేడియో పెట్టుకోవట్లేదు. ఆ చప్పుడు ఎప్పుడు మారుతుందా అని వింటూ ఉంటా. వెనక మనుషులు మాట్లాడుతుంటే చిరాకేస్తుంది, వినబడదని. ఇంటికొచ్చి పడుకున్నా చెవిలో అదే."

ఆమె గరిటె కింద పెట్టింది. ఎదురుగా కూర్చుంది. కొత్త గిరాకీని సీటు ఎక్కడ బిగుతుగా ఉందని అడిగినట్టే అడిగింది.

"ఎక్కడ ఎక్కువ?"

"ఏంటి?"

"భయం. కొండ ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

కూతురు ఆమె మొహంలోకి చూసింది. "దిగేటప్పుడు. అప్పటికి నర్సమ్మగారి మనవలు వెనక సీట్లో నిద్రపోతుంటారు."

"అవును. వంతెన దాటాక, ఎడం పక్క పిట్టగోడ కూలిన చోట."

"అక్కడే." కూతురు ఆగింది. "నువ్వెప్పుడు వెళ్లావమ్మా ఆ రోడ్డు మీద?"

"నువ్వు వెళ్లిన ప్రతిసారీ."

కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఏ గిరాకీనీ ఆమె దారి గురించి అడగకుండా వదల్లేదు. ఏ మలుపు ఎంత ఇరుకో, ఎక్కడ నీళ్లు రోడ్డు మీదికి వస్తాయో, ఎక్కడ బండి పక్కకు తీసుకోవడానికి చోటుందో, ఎక్కడ లేదో ఆమె చూడకుండానే చెప్పగలదు. చెబుతూ కూర్చుంది. కూతురు వింటూ తింది. మధ్యలో ఒకచోట, కాదమ్మా, అక్కడ ఇప్పుడు గోడ కట్టారు అని దిద్దింది. ఆమె, కట్టారా, మంచిదే అంది. కంచం ఖాళీ అయింది.

"నర్సమ్మగారికి ఫోన్ చెయ్యి."

"ఏం చెప్పను? నాకు ఒంట్లో బాగోలేదని చెప్పనా?"

"వద్దు." ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. "బండికి ఏమైందో అదే చెప్పు. తుడిచి చెప్పకు."

కూతురు వరండాలోకి వెళ్లి చేసింది. ఆమె కంచం కడుగుతూ విన్నది. చైను, అరిగింది, విప్పాలి, వారం పైన పడుతుంది, ముందే చెప్పాల్సింది అమ్మగారూ. తర్వాత అవతలి మాట వింటూ చాలాసేపు ఊఁ కొట్టింది. లోపలికి వచ్చినప్పుడు ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమన్నారు?"

"పోయినసారి పిల్లల్ని ఎక్కించుకున్నప్పుడు కూడా ఇలాగే ఉందా అని అడిగారు. ఉందన్నా." కూతురు గోడకు ఆనుకుంది. "ఇంకొకర్ని చూసుకుంటాలేమ్మా అన్నారు. కోపంగా అనలేదు. అంతే, పెట్టేశారు. పోయిందమ్మా ఆ ఇల్లు."

"పోతే పోయింది," అంది ఆమె.

అని, తనే ఆగి ఆ మాట ఎవరన్నారా అన్నట్టు కడిగిన కంచం వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు.

*

శుక్రవారం కొండకు వెళ్లాల్సిన బండి మర్నాడే గుంట మీద ఉంది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు కూతురు దాన్ని మూల దాకా దొర్లించలేదు. వాకిట్లోనే స్టార్ట్ చేసింది. గలగలమని, డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు మోగింది. పక్కింటి పసిబిడ్డ లేవలేదు. ఆమె కిటికీలో కాదు, పక్క సీట్లో కూర్చుని ఆ చప్పుడు మొదటిసారి విన్నది. ఇంతేనా అనిపించలేదు. ఆమె అనుకున్నదానికంటే ఘోరంగానే ఉంది. షెడ్డు దాకా తలుపు పిడి పట్టుకునే కూర్చుంది. కూతురు రేడియో పెట్టలేదు. ఇద్దరూ వింటూ వచ్చారు.

ఇంజను విప్పాలంటే ముందు నూనె దించాలి. తమ్ముడు గుంటలోకి దిగాడు. ఆమె అంచున నిలబడింది. సైరన్ అనలేదతను. పానా కిర్రుమంది. నూనె తొట్టిలో పడింది, మొన్న పోసినదే, అప్పుడే రంగు మారింది.

అతను ప్లగ్గు పట్టుకుని అలవాటు కొద్దీ బల్బు వైపు తిరగబోయాడు. సగంలో ఆగాడు. చెయ్యి పైకి చాచి, నూనె కారుతున్నదాన్ని కారుతున్నట్టే ఆమె అరచేతిలో పెట్టాడు.

"కాలుతుంది, చూసుకో."

కాలింది. ఆమె వదల్లేదు. రెండు రోజులు కూడా తిరగని నూనెలోంచి అప్పుడే తునకలు వచ్చి గుచ్చం కట్టాయి. ఆమె వెలుతురులోకి తిప్పి అన్ని వైపులా చూసింది. తర్వాత ఏప్రన్ జేబులోంచి చారల గుడ్డ తీసి, తనే శుభ్రంగా తుడిచి, తమ్ముడికి తిరిగి ఇచ్చింది.

"మొదలుపెట్టు," అంది.

ఇంజను పైభాగం విప్పడానికే మధ్యాహ్నం దాటుతుందన్నాడు తమ్ముడు. కూతురు కాసేపు మామయ్యకు పానాలు అందించింది. ఆ పని కూడా లేనప్పుడు అటూ ఇటూ తిరిగింది. చివరికి వచ్చి, అమ్మ మిషను పక్కన కింద పెట్టి ఉన్న సీటు మీద కూర్చుంది. ఎవరిదో వెనక సీటు, కొత్త కవరు తొడిగి గిరాకీ కోసం ఎదురుచూస్తోంది. కూర్చున్న పిల్ల ఎప్పుడు వాలిందో, ఎప్పుడు కాళ్లు ముడుచుకుందో ఆమె చూడలేదు. చూసేసరికి నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి సీటు అంచు నుంచి కిందికి వేలాడుతూ, గాఢంగా నిద్రపోతోంది. కొత్త రెక్సిను మీద చొంగ మరక.

సీటు తాలూకు మనిషి వచ్చాడు. "అయిందా అమ్మా?"

"అయింది. మాగ్నెట్ పెట్టి చూడాలి ఒకసారి. టీ తాగి రండి."

"ఎవరో పడుకున్నారే."

"మా అమ్మాయి," అంది ఆమె. "లేచాక చూసి ఇస్తా."

అతను తల గోక్కుని వెళ్లాడు. ఆమె చేతిలో ఉన్న కవరు ఆఖరి అతుకు పూర్తి చేసి దారం తెంపింది. మిషను ఆగింది. ఆ నిశ్శబ్దానికి సీటు మీద కూతురు కదిలింది. కనుబొమలు ముడిపడ్డాయి, ఏదో చప్పుడు కోసం వెతుకుతున్నట్టు తల కాస్త పైకి లేచింది.

ఆమె చుట్టూ చూసింది. కుట్టడానికి ఇంకేం లేదు. బల్ల కింద నుంచి పనికిరాని లైనింగ్ ముక్క ఒకటి లాగి, సూది కింద పెట్టి, తొక్కడం మొదలుపెట్టింది. మిషను మళ్లీ మామూలుగా మోగింది. కూతురి కనుబొమలు విడిపోయాయి. ఆమె ఆ ముక్క చివర దాకా కుట్టి, తిప్పి, ఆ కుట్టు పక్కనే ఇంకో కుట్టు వేసుకుంటూ వచ్చింది.